కడబంతి ఆట: పోకర్‌లో చివరి కుర్చీ నుంచి ఎలా ఆడాలి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. పోకర్‌లో ఆ బెంగ కూడా అక్కర్లేదు. పంచేవాడు ఎవరైనా సరే, కడబంతిలో కూర్చున్నవాడిదే రాజభోగం. ఎవరు వద్దన్నారు, ఎవరు మొహమాటానికి చెయ్యి చాపారు, ఎవరు ఆత్రపడ్డారు, అన్నీ చూశాకే అతని వంతు వస్తుంది.

గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఏడుగురం, ఒక్కోసారి తొమ్మిదిమందిమి పోగవుతాం. ఆట టెక్సస్ హోల్డెమ్. పందెం చింతపిక్కలు, తలా 200. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన పందేలు, ఒకటి, రెండు పిక్కలు. అందరం రమ్మీ నుంచి వచ్చినవాళ్లమే. పదమూడు ముక్కలు చేతికి రాగానే సీక్వెన్స్ ఉందా, జోకర్ ఉందా, లేకపోతే డ్రాప్ చేద్దామా అని చూసుకోవడం చిన్నప్పటి అలవాటు. ఆ అలవాటుతోనే పోకర్‌లోకి వచ్చి చాలాకాలం చేతిలోని రెండు ముక్కలే చూశాం, కూర్చున్న చోటు చూడలేదు. ఇక్కడ చెప్పబోయేది ఆ చోటు గురించే. ముక్కలు ఎలా పంచుతారో, ఏ చెయ్యి దేన్ని కొడుతుందో మీకు తెలుసనుకుని మొదలుపెడుతున్నాను.

డబ్బు మాట ముందే తేల్చేద్దాం. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి ఆటల్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. ఇక ఇంట్లోనో మామిడితోటలోనో డబ్బు పెట్టి కూర్చుంటే ఏమవుతుందో సంక్రాంతి వారం పేపరు తిరగేస్తే తెలుస్తుంది. కాబట్టి గుంటూరులోనైనా బెజవాడలోనైనా పిక్కలతోనే ఆడండి. నిజం క్యాష్ గేమ్ చూడాలనిపిస్తే గోవా ఉంది. మన ఊళ్ల మీదుగా వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మడగావ్‌లో దిగొచ్చు. పణజీలో మాండవి నది మీద క్యాసినో ఓడలుంటాయి, 21 ఏళ్లు నిండినవాళ్లనే లోపలికి రానిస్తారు. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి సంగతి కింద చెప్తాను, గొప్పగా చెప్పుకునేదేం కాదు.

పిక్కలతో ఆడినా క్యాష్ గేమ్ పద్ధతే పెట్టుకోండి. బ్లైండ్లు పెరగకూడదు. అయిపోయినవాడు మళ్లీ 200 తీసుకోవచ్చు. ఇష్టమైనప్పుడు లేచిపోవచ్చు. టోర్నమెంట్‌లో లాగా బయటికి పోతామన్న టెన్షన్ ఉండదు, చేతినిండా పిక్కలుంటాయి కాబట్టి ఆట రివర్ దాకా, అంటే బల్ల మీద చివరి ముక్క పడేదాకా సాగుతుంది. చివరి కుర్చీ విలువ అప్పుడే తెలుస్తుంది.

ముందు మీ చోటు ఏదో గుర్తుపట్టండి

బటన్ అనే బిళ్ల ఎవరి ముందుంటే ఆ ఆటకు వాళ్లే డీలర్ లెక్క. చేత్తో పంచేది ఇంకొకరైనా సరే. మా మేడ మీద బటన్ అంటే హార్లిక్స్ సీసా మూత. ఒక్కో ఆట అయ్యాక అది ఎడమ పక్కవాడి ముందుకు జరుగుతుంది. బటన్‌కు ఎడమ పక్కన స్మాల్ బ్లైండ్, ఆ పక్కన బిగ్ బ్లైండ్. బటన్‌కు కుడి పక్కవాడిని కటాఫ్ అంటారు, కటాఫ్‌కు కుడి పక్కన హైజాక్. లేట్ పొజిషన్ అంటే ముఖ్యంగా బటన్, కటాఫ్. హైజాక్‌ని నేను అందులో కలపను. వెనక ఇంకా నలుగురున్నప్పుడు చివర కూర్చున్నామనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. ఫ్లాప్ (బల్ల మీద వేసే మొదటి మూడు ముక్కలు) పడకముందు చివర మాట్లాడేది బటన్ కాదు, బిగ్ బ్లైండ్. అప్పుడు బటన్ వెనక ఇద్దరుంటారు. ఫ్లాప్ పడ్డాక లెక్క తిరగబడుతుంది. ఫ్లాప్, టర్న్ (నాలుగో ముక్క), రివర్ (అయిదో ముక్క) మూడింటిలోనూ బ్లైండ్లు ముందు మాట్లాడాలి, బటన్‌దే చివరి మాట. పిక్కలు గంపల్లో కదిలేది ఈ మూడు రౌండ్లలోనే.

బీసెంట్ రోడ్డులో చొక్కా బేరం చేసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ధర ముందు బయటపెట్టినవాడు ఇరుక్కుంటాడు. రెండోవాడు ఆ అంకె విని, మొహం చూసి, అప్పుడు నోరు విప్పుతాడు. బటన్ మీద కూర్చుంటే ఒక్కో ఆటలో మూడుసార్లు మీరు ఆ రెండోవాడవుతారు.

ముక్కలు ఎత్తకముందు అటూ ఇటూ చూడండి

రెండు ముక్కలు రాగానే మూల ఎత్తి చూసుకోవాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. మీ వంతు వచ్చేదాకా ముక్కలు బల్ల మీదే ఉండనివ్వండి. ముందు మాట్లాడేవాళ్లు తమ ముక్కలు చూసుకునేటప్పుడు మీరు వాళ్లను చూడండి. తర్వాత తల ఎడమ వైపు తిప్పండి. బ్లైండ్లలో ఉన్న ఇద్దరిలో ఒకడు ముక్కల్ని వేళ్ల మధ్య పట్టుకుని విసరడానికి సిద్ధంగా ఉంటాడు. ఇంకొకడు పిక్కలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఈ సమాచారానికి పైసా ఖర్చు లేదు. అయినా పదిమందిలో తొమ్మిదిమంది ఎడమ వైపు చూడరు. మీ ముక్కల్ని మీరే ఇంకా చూడలేదు కాబట్టి మీ మొహంలోనూ ఎవరికీ ఏమీ దొరకదు.

అందరూ వదిలేస్తే

బటన్ దాకా అందరూ ఫోల్డ్ చేశారు, మిగిలింది బ్లైండ్లు ఇద్దరే. ఆడితే రైజ్ చేసి, అంటే పందెం పెంచి ఆడండి, లేకపోతే వదిలేయండి. ఊరికే కాల్ చేసి, అంటే ఉన్న పందేనికి సరిపడా మాత్రమే పెట్టి లోపలికి వెళ్లడం ఈ కుర్చీకి అవమానం.

ఎంత రైజ్ చేయాలి? బిగ్ బ్లైండ్‌కు రెండున్నర రెట్లు చాలు. మా లెక్కలో అయిదు పిక్కలు. మధ్యలో ఉన్నవి మూడు. మూడింటి కోసం అయిదు పెడుతున్నారు, అంటే ఎనిమిదింట అయిదుసార్లు ఇద్దరూ వదిలేస్తే అక్కడికక్కడే సరిపోయింది. అంత తరచుగా వదలకపోయినా కంగారు లేదు. ఎవరైనా కాల్ చేస్తే ఆట ఫ్లాప్‌కి వెళ్తుంది, అక్కడ చివరి మాట మీదే.

ఏ ముక్కలతో? తొమ్మిదిమంది బల్ల మీద మొదట మాట్లాడేవాడు నూటికి పన్నెండు చేతులకు మించి ఆడకపోవడం మంచిది. కటాఫ్‌లో పాతిక దాకా వెళ్లొచ్చు. బటన్ మీద, ముందు ఎవరూ రాకపోతే, నలభై దాకా. అందులో ముఖ్యమైనవి జతలన్నీ, ఆసుతో ఒకే గుర్తు ముక్క ఏదైనా, బొమ్మ ముక్కల జోడీలు దాదాపు అన్నీ, ఇస్పేటు ఎనిమిది-ఏడు లాంటి ఒకే గుర్తు వరస ముక్కలు. గుర్తు కలవకపోతే ఆసు పక్కన ఏడుకు తగ్గకుండా, రాజు పక్కన పదికి తగ్గకుండా చూసుకోండి. ఇవి రాతి మీద గీతలు కావు. బ్లైండ్లలో ఉన్నవాళ్లు బిగబట్టి ఆడే రకమైతే ఇంకాస్త వదులుగా, ప్రతిదానికీ కాల్ చేసే రకమైతే ఇంకాస్త గట్టిగా ఆడండి.

కటాఫ్‌లో ఉన్నప్పుడు మాత్రం ముందు బటన్ మీద ఎవరున్నారో చూడండి. అక్కడ ఊరుకోని మనిషి కూర్చుని ఉంటే మీది చివరి కుర్చీ కానే కాదు. ఆట గట్టిగా బిగించండి. అక్కడున్నవాడు ఫోన్ చూసుకుంటూ ముక్కలు విసిరేసేవాడైతే ఆ బటన్ మీకు ఉచితంగా వచ్చినట్టే.

గోవాలో ఆడేవాళ్లకు ఇంకో లాభం. క్యాసినోవాళ్లు పాట్ (మధ్యలో పోగైన పందెం) నుంచి రేక్ అని కొంత తీసేసుకుంటారు. ఫ్లాప్ పడకుండా ఆట ముగిస్తే చాలాచోట్ల ఆ కోత ఉండదు. రైజ్ చేసి బ్లైండ్లు ఎత్తుకుపోతే వచ్చింది చిన్నదే, కానీ మొత్తం మీదే.

ఎవరో ఒకరు ఊరికే కాల్ చేసి వస్తే

నా గోవా కథ ఇక్కడిదే. బ్లైండ్లు 100, 200. నా ముందు 20,000 చిప్స్. బటన్ మీద ఉన్నాను. ఇద్దరు ఊరికే 200 పెట్టి వచ్చారు, దాన్నే లింప్ అంటారు. నా చేతిలో రాజు-తొమ్మిది, గుర్తులు వేరు. బటన్ మీద ఉన్నాం కదా, చవకే కదా అని నేనూ 200 పెట్టాను. బ్లైండ్లు కూడా వచ్చారు, పాట్ 1,000. ఫ్లాప్‌లో రాజు, ఏడు, నాలుగు. లింప్ చేసినవాళ్లలో ఒక పెద్దాయన 700 బెట్ చేశాడు, మిగతావాళ్లు తప్పుకున్నారు. నేను కాల్. టర్న్‌లో పనికిరాని ముక్క, ఆయన 1,500. నేను కాల్. రివర్‌లోనూ ఏమీ రాలేదు, ఆయన 4,000. నేను కాసేపు ఆలోచించినట్టు నటించి కాల్ చేశాను. ఆయన రాజు-జాకీ చూపించాడు.

పోయింది 6,400. తిరుగు ప్రయాణంలో గుంతకల్లు దాకా అదే లెక్క వేసుకుంటూ వచ్చాను. ముక్కలు చెడ్డవి, అది ఒక తప్పు. అంతకన్నా పెద్ద తప్పు వేరే ఉంది. నలుగురి ఎదుట బెట్ మొదలుపెట్టి ఆయన మూడుసార్లు మాట్లాడాడు, ప్రతిసారీ గొంతు పెంచాడు. మూడుసార్లూ ఆయన తర్వాతే నా వంతు వచ్చింది, ఒక్కసారీ వినలేదు. చెవులు మూసుకుని కూర్చునేవాడికి బటన్ అయినా ఒకటే, బ్లైండ్ అయినా ఒకటే.

ఇప్పుడైతే ఇలా చేస్తాను. అలాంటి రాజు-తొమ్మిది వదిలేస్తాను. ఆసు-రాణి, రాజు-రాణి, తొమ్మిదుల జత, ఒకే గుర్తు ఆసు-జాకీ లాంటివుంటే రైజ్ చేస్తాను. బిగ్ బ్లైండ్‌కు నాలుగు రెట్లు, పైన లింప్ చేసినవాడికి ఒక్కొక్కరికి ఇంకో బ్లైండ్. ఇద్దరు లింప్ అయితే మా పిక్కల్లో 12. ఉద్దేశం ఒక్కటే: బ్లైండ్లను తోసేసి, వదులుగా వచ్చిన మనిషితో ఒంటరిగా, ఆయన తర్వాత మాట్లాడేలా కూర్చోవడం. చిన్న జతలు, ఒకే గుర్తు వరస ముక్కలతో అయితే వెనక ఊరికే కాల్ చేసినా తప్పులేదు. అవి నలుగురున్నప్పుడే పెద్ద పాట్ తెస్తాయి.

మీకు ముందే రైజ్ పడితే

దీనికి ఎక్కువ చెప్పను. రైజ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. మొదటి కుర్చీ నుంచి వస్తే ఆ మనిషి ఎనిమిదిమందికి ఎదురొడ్డి వచ్చాడు, గౌరవించండి. గుర్తు కలవని ఆసు-జాకీ, రాజు-జాకీ అప్పుడు అందమైన ఉచ్చులు, వదిలేయండి. చిన్న జతతో కాల్ చేయొచ్చు గానీ ఫ్లాప్‌లో మూడోది పడేది దాదాపు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారే. కాల్ చేసే మొత్తానికి కనీసం 15 రెట్లు ఇద్దరి ముందూ ఉంటేనే ఆ వేట గిట్టుబాటవుతుంది. అదే రైజ్ కటాఫ్ నుంచి వచ్చి, మీరు బటన్ మీద ఉంటే, అతనూ మీలాగే చోటు చూసి ఆడుతున్నాడని అర్థం. మంచి చేతులతో మూడు రెట్లకు తిరగ రైజ్ చేయండి.

ఫ్లాప్ పడ్డాక

అసలు ఆట ఇక్కడుంది. మొన్న మా మేడ మీద జరిగిన ఒక ఆట చెప్తాను.

బటన్ మీద నేను. చేతిలో ఆఠీను జాకీ, ఆఠీను పది. అందరూ వదిలేశారు. అయిదు పిక్కలకు రైజ్ చేశాను. బిగ్ బ్లైండ్‌లో మా బావ కాల్ చేశాడు. పాట్ 11. ఫ్లాప్: కళావరు రాణి, ఆఠీను ఏడు, ఆఠీను నాలుగు. బావ చెక్, అంటే పందెం పెట్టకుండా వంతు దాటించాడు. నా దగ్గర ఇంకా ఏమీ లేదు, ఇంకో ఆఠీను పడితే ఫ్లష్. నాలుగు పిక్కలు బెట్ చేశాను. పాట్‌లో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. 11 కోసం నాలుగు, అంటే పదిహేనింట నాలుగుసార్లు అతను వదిలేసినా నష్టం లేదు. ఇద్దరే ఉన్నప్పుడు ఈ చిన్న బెట్ చాలా పని చేస్తుంది. జత కాని రెండు ముక్కలు ఫ్లాప్‌లో జత కట్టేది మూడింట ఒకసారే కదా.

బావ కాల్ చేశాడు. పాట్ 19. టర్న్‌లో ఇస్పేటు రెండు. బావ మళ్లీ చెక్.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మీరు ముందు మాట్లాడాల్సిన కుర్చీలో ఉంటే రెండు దారులూ ముళ్లే. చెక్ చేస్తే అతను పెద్ద బెట్ పెట్టొచ్చు, బెట్ చేస్తే తిరగ రైజ్ చేయొచ్చు. చివరి కుర్చీలో ఉన్నారు కాబట్టి ఇంకో దారి దొరికింది. నేనూ చెక్ చేశాను. రివర్ ముక్క ఉచితంగా వచ్చింది. ఒక్క ముక్కలో ఫ్లష్ కుదిరేది అయిదింట ఒకసారి. దానికోసం టర్న్‌లో 12 బెట్ చేసి, బావ 36కు పెంచితే, అంతదాకా తెచ్చుకున్న ఆశను అక్కడే పారేసుకోవాలి. టర్న్‌లోనూ బెట్ చేయాలనేవాళ్లున్నారు. ఎదుటివాడు వదిలేసే రకమైతే వాళ్లు చెప్పేదే కరెక్ట్. మా బావ ఆ రకం కాదు. రాణి జత చేతికొస్తే పెళ్లిలో ఇచ్చిన పట్టుచీరలా పట్టుకుంటాడు.

రివర్‌లో ఆఠీను మూడు. నేను టర్న్‌లో చెక్ చేశాను కాబట్టి నా దగ్గర ఏమీ లేదనుకుని బావ 10 బెట్ చేశాడు. నేను 32. బావ నన్ను చూశాడు, హార్లిక్స్ మూతను చూశాడు, కాల్ చేసి రాణి-తొమ్మిది పడేశాడు. ఆ ఒక్క చేతిలో బావ నుంచి 41 పిక్కలు వచ్చాయి. ఆఠీను పడకపోయి, ఆయన 10 బెట్ చేసి ఉంటే? వదిలేసేవాణ్ణి. పోయేవి మొత్తం తొమ్మిది. గెలిస్తే 41, ఓడితే తొమ్మిది. ఈ తేడా ముక్కలు తెచ్చింది కాదు, కుర్చీ తెచ్చింది.

ఇలాగే మధ్యస్థపు చేతులకూ చెక్ వాడండి. ఫ్లాప్‌లో రెండో పెద్ద ముక్కతో జత కట్టారు, బెట్ చేశారు, కాల్ వచ్చింది. టర్న్‌లో అతను చెక్ చేస్తే మీరూ చెక్ చేసి పాట్‌ను చిన్నగా ఉంచొచ్చు. చిన్న చేతికి చిన్న పాట్.

రెండు జాగ్రత్తలు. ఫ్లాప్‌కి ముగ్గురు నలుగురు వచ్చి ఉంటే ఖాళీ చేతితో బెట్ చేయడం మానేయండి, ఎవరో ఒకరికి ఏదో ఒకటి తగిలే ఉంటుంది. ఇక, మీరు బెట్ చేశాక చెక్ చేసినవాడు తిరగ రైజ్ చేస్తే, అదీ టర్న్‌లో చేస్తే, మా మేడ మీదైనా గోవాలో అయినా చాలామంది విషయంలో అది నిజమే. మొగతనం చూపించాల్సిన సమయం కాదది.

రివర్‌లో

అతను చెక్ చేశాడు, మీ దగ్గర ఓ మోస్తరు జత ఉంది. ముందు కుర్చీలో ఉన్నవాడు ఇక్కడ భయపడతాడు. మీకు ఆ భయం అక్కర్లేదు. చెక్ చేసేస్తే ముక్కలు చూపించుకోవడమే, ఆట అయిపోతుంది. అందుకని ఒక్క ప్రశ్నే వేసుకోండి: నా కన్నా తక్కువ చేతితో కాల్ చేస్తాడా? చేస్తాడనుకుంటే పాట్‌లో మూడో వంతో, సగమో బెట్ చేయండి. చెయ్యడనుకుంటే చెక్. చాలామంది ఆ చిన్న బెట్ పెట్టడానికి బద్ధకిస్తారు. సాయంత్రమంతా కలిపితే అక్కడే గంపెడు పిక్కలు వదిలేస్తున్నారు.

కుర్చీ ఎంచుకోవడం

బటన్ తిరుగుతూ ఉంటుంది, తొమ్మిది ఆటలకోసారి మీ దగ్గరికి వస్తుంది. కానీ ఎవరి పక్కన కూర్చోవాలో మీ చేతిలో ఉంది. ఎక్కువ ఆటలు ఆడేవాడు, ఎక్కువ పిక్కలున్నవాడు మీ కుడి పక్కన ఉండాలి. అప్పుడు దాదాపు ప్రతి ఆటలోనూ అతని తర్వాతే మీరు మాట్లాడతారు. బిగబట్టి ఆడే నెమ్మదస్తుడు ఎడమ పక్కన ఉంటే మీ బ్లైండ్ల దొంగతనానికి అడ్డు రాడు. గోవాలో అయితే కుర్చీ ఖాళీ అయినప్పుడు మారతామని డీలర్‌కు ముందే చెప్పి పెట్టుకోవచ్చు. మా మేడ మీద బావకు ఎడమ పక్క కుర్చీ కోసం నాలుగున్నరకే వచ్చి రుమాలు వేసేవాళ్లున్నారు. అది బావకు ఇంకా అర్థం కాలేదు, తనంటే అభిమానం అనుకుంటున్నాడు.

ఇంట్లో చేయాల్సిన ఒక సాధన

ఒక గంటసేపు, బటన్ మీకు వచ్చిన ప్రతిసారీ, మీ ముక్కలు చూడకుండా ఆడండి. రైజ్ చేయండి, ఎవరు కాల్ చేశారో చూడండి, ఫ్లాప్‌లో వాళ్లు చెక్ చేస్తే చిన్న బెట్, గట్టిగా ఎదురొస్తే ఫోల్డ్. మీ దగ్గర ఏముందో మీకే తెలియదు కాబట్టి ఎదుటివాళ్లను చూడక తప్పదు. నిజం ఆటలో ఇలా చేయొద్దు, పిక్కలతోనే.

మొదట బావకే ఇది నేర్పాను. మూడో ఆటలోనే ఫ్లాప్‌లో ఒక్క చిన్న బెట్‌తో ఇద్దర్ని పంపించి పాట్ లాక్కున్నాడు. ముక్కలు తిప్పి చూస్తే ఏడు-రెండు, గుర్తులు వేరు, అంతకన్నా చెత్త చెయ్యి హోల్డెమ్‌లో లేదు. ఆ ఉత్సాహంలో తర్వాతి బటన్‌కు ముక్కలు చూసి ఆడాడు. ఆసు-మూడుతో 40 పిక్కలు పోగొట్టుకుని, మిరపకాయ బజ్జీలు ఇంకా రాలేదేమిటని మా చెల్లెలి మీద అరుస్తూ కిందికి వెళ్లాడు.